మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు – బిరుదు, పతకం, స్వతంత్ర బుద్ధి

సెప్టెంబరు మాసం వచ్చిందంటే మన పాఠశాలలలో రెండు చిత్రపటాలకు పూలమాలలు పడతాయి. 5వ తేదీన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి, 15వ తేదీన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి. ఒకటి ఉపాధ్యాయ దినోత్సవం, మరొకటి ఇంజనీర్ల దినోత్సవం. ఇద్దరూ తెలుగు కుటుంబాలలో జన్మించి అన్య భాషా ప్రాంతాలలో పెరిగినవారే. ఇద్దరూ ఆంగ్ల ప్రభుత్వం నుండి సర్ బిరుదమును, స్వతంత్ర భారత ప్రభుత్వం నుండి భారతరత్న పురస్కారమును పొందినవారే. విశ్వేశ్వరయ్యగారి పటం క్రింద చాలాచోట్ల భారతరత్న సర్ ఎం. విశ్వేశ్వరయ్య అని వ్రాసి ఉంటుంది. ఈ రెండు మాటల నడుమ ఒక సామ్రాజ్యం అస్తమించింది, ఒక గణరాజ్యం ఉదయించింది. చిత్రమేమంటే, మన రాజ్యాంగ ధర్మాన్ని అనుసరించి చూస్తే ఈ రెండు మాటలలో ఏదీ పేరుకు ముందు చేర్చదగినది కాదు. ఆ సంగతి తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటినుండి పరికించాలి.

తుంగభద్రా తీరమున నెలకొన్న కెంచనగుడ్డ వంటి గ్రామాలలోని తెలుగువారికి విశ్వేశ్వరయ్యగారి పుట్టుపూర్వోత్తరాలు సులభంగా అర్థమవుతాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరగా, బళ్ళారి, సిరుగుప్ప ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. అప్పటినుండి ఇక్కడి పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం పలుకుతూ పెరుగుతున్నారు. విశ్వేశ్వరయ్యగారి బాల్యం కూడ ఇట్టిదే. ఆయన పూర్వులు గిద్దలూరు పరిసరాలలోని మోక్షగుండం గ్రామస్థులు. అచ్చటినుండి మైసూరు సీమకు తరలివచ్చి, చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళిలో స్థిరపడినారు. ఊరి పేరు ఇంటిపేరై వెంట వచ్చింది. భాష కూడ వెంట వచ్చింది. కాని ఆయన జీవితకాలపు కృషిలో పెద్దపాలు దక్కినది కన్నడ దేశానికి. కన్నడ సాహిత్య పరిషత్తు 1915లో వెలసినది ఆయన దివానుగా ఉన్న రోజులలోనే. పుట్టిన భాష మీది ప్రేమకు, బ్రతికిన నేల పట్ల ఋణానికి వైరుధ్యం లేదని గ్రహించినవారు ఆయన.

జన్మదినం సెప్టెంబరు 15. సంవత్సరం కొన్ని గ్రంథాలలో 1860 అనీ, మరికొన్నింటిలో 1861 అనీ కనిపిస్తుంది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంటిలో విద్య ఉన్నది గాని విత్తం లేదు. బాల్యంలోనే పితృవియోగం సంభవించింది. ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురంలో ముగించి, బెంగుళూరులో మేనమామగారి అండ చూసుకొని, పెద్దల పిల్లలకు పాఠాలు చెప్పుతూ ఆ రాబడితో చదువుకొన్నారు. సెంట్రల్ కళాశాల నుండి 1881లో బి.ఏ. పట్టం పొందినారు. పిదప మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులైనారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో చేరినారు. ఒక బీద విద్యార్థికి సంస్థానం ఇచ్చిన ఆ కొద్దిపాటి వేతనం కంటె మంచి పెట్టుబడి మైసూరు ఖజానా మరొకటి పెట్టి ఉండదు.

బొంబాయి కొలువులో గడచిన ఇరువది నాలుగేండ్లలో ఆయన చేసిన పనులు అనేకం. సింధు దేశంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా ఏర్పాటు చేశారు. నీరా కాలువ క్రింద సాగునీటిని వంతులవారీగా పంచే బ్లాకు పద్ధతిని ప్రవేశపెట్టినారు. అయితే అందరూ చెప్పుకొనేది పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన స్వయంచాలక కవాటములను. దానికి 1903లో పేటెంటు పొందినారు. మన గ్రామాలలో చెరువు తూము ఎత్తడానికి, దించడానికి నీరుగంటి ఉంటాడు. అర్ధరాత్రి వరద వస్తే నీరుగంటి మేలుకొని ఉండాలి, లేకుంటే కట్ట తెగుతుంది. విశ్వేశ్వరయ్యగారి కవాటానికి నీరుగంటితో పనిలేదు. జలాశయంలో నీరు నిర్ణీతమైన మట్టం దాటగానే ఆ నీటి బలంతోనే తలుపులు వాటంతట అవి తెరచుకొంటాయి, మట్టం తగ్గగానే మూసుకొంటాయి. ఆనకట్టను ఎత్తు చేయకుండానే ఎక్కువ నీరు నిలువ చేయవచ్చును. అటు తరువాత గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకు, ఇటు కావేరి మీది కృష్ణరాజసాగరానికి ఇట్టి తలుపులే అమర్చినారు. విజయనగర రాజులు త్రవ్వించిన సిరుగుప్ప, దేశనూరు కాలువల క్రింద తరతరాలుగా వరి పండించుకొన్న ఈ సీమ రైతులకు నీటిని అదుపులో పెట్టడం ఎంత కష్టమో వేరుగా చెప్పనవసరం లేదు.

1908లో ఆయన స్వచ్ఛందంగా బొంబాయి కొలువు విడిచి విదేశ పర్యటనలో ఉండగా, సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలాది జనం జలసమాధి అయినారు. నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. 1909లో ఆయన అక్కడికి వచ్చి, వరద జరిగిన తీరును పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల మీద రెండు జలాశయాలు నిర్మించవలెనని నివేదించినారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ నివేదిక ఫలితాలే. నగరాన్ని ముంచిన నీటినే నగరం దాహం తీర్చే నీటిగా మార్చిన ఆలోచన అది.

అదే సంవత్సరం నవంబరులో మైసూరు ప్రభుత్వం ఆయనను చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించింది. ఇక్కడినుండి ఆయన జీవితంలోకి బిరుదులు ప్రవేశిస్తాయి.

ఆనాటి బిరుదుల వ్యవస్థను గూర్చి ఈనాటి పిల్లలకు కొంత చెప్పవలసి ఉంది. విక్టోరియా రాణి కాలంలో 1878లో ఇండియన్ ఎంపైర్ ఆర్డరు అనే గౌరవ శ్రేణిని నెలకొల్పినారు. అందులో సి.ఐ.ఇ., కె.సి.ఐ.ఇ., జి.సి.ఐ.ఇ. అని మెట్లుండేవి. కె.సి.ఐ.ఇ. పొందినవారి పేరుకు ముందు సర్ అని చేరుతుంది. దానికి దిగువన రావు సాహెబ్, రావు బహద్దూర్, దివాన్ బహద్దూర్ మొదలైనవి. నూతన సంవత్సరం నాడు, చక్రవర్తి జన్మదినం నాడు జాబితాలు వెలువడేవి. తహసీలుదార్లు, ప్లీడర్లు, జమీందార్లు ఆ జాబితాల కోసం ఎదురు చూసేవారు. వారందరూ అనర్హులని అనడం న్యాయం కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1893లో రావు బహద్దూర్ అయినారు. గిడుగు రామమూర్తి పంతులుగారికి 1913లో రావు సాహెబ్ లభించింది. వారి కృషిని ఎవరు కాదనగలరు? కాని ఆ బిరుదుకు వెనుక కంటికి కనిపించని ఒక దారం ఉండేది. ఇచ్చినవారు పరాయి పాలకులు. పుచ్చుకొన్నవారు వారిపట్ల విధేయులై ఉండవలెనన్న అపేక్ష ఉండేది. బిరుదు పేరులో భాగమై, పదిమంది నడుమ ఒక మనిషిని వేరుచేసి నిలబెట్టేది.

1911లో ఢిల్లీ దర్బారు సందర్భాన విశ్వేశ్వరయ్యగారికి సి.ఐ.ఇ. వచ్చింది. 1912లో మహారాజా నాలుగవ కృష్ణరాజ ఒడయరు వారు ఆయనను దివానుగా నియమించినారు. ఆ పదవి స్వీకరించడానికి ముందు బంధువులనందరినీ పిలిపించి, తనవద్దకు సిఫారసులతో రారాదని మాట తీసుకొన్నారని ప్రసిద్ధి. ప్రభుత్వ పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి ఒక కొవ్వొత్తి వాడినారన్న కథ పిల్లలకు కంఠస్థమే. అది అక్షరాలా జరిగినదో లేదో గాని, అటువంటి కథ ఎవరి పేర పుడుతుందో గమనిస్తే ఆ మనిషి ఎట్టివాడో తెలుస్తుంది.

దివానుగిరీలో ఆయన సాధించినవాటిని వరుసగా చెప్పడానికి ఈ పుటలు చాలవు. 1913లో మైసూరు బ్యాంకు స్థాపన, అదే ఏడాది నిర్బంధ ప్రాథమిక విద్యకు శాసనం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, చందన తైల కర్మాగారం, ఆ పిమ్మట భద్రావతి ఇనుప కర్మాగారానికి పునాది. ఒక విద్యాసంస్థ ఉత్సవ సంచికలో ముఖ్యంగా చెప్పుకోవలసినది విద్యకు ఆయన ఇచ్చిన స్థానం. దేశీయ సంస్థానాలలో మొట్టమొదటి విశ్వవిద్యాలయం మైసూరుదే. కృష్ణరాజసాగరం పని 1911లో మొదలై, 1930 దశకం తొలినాళ్ళలో పూర్తయింది. అంత వ్యయం ఖజానా భరించలేదని అధికారులు సందేహించినప్పుడు, ఆయన తన లెక్కలను మహారాజావారి ముందు ఉంచి ఒప్పించినారు. సున్నము, సుర్కీ కలిపిన గచ్చుతో కట్టిన ఆ కట్టడం మండ్య ప్రాంతపు మెట్టభూములను మాగాణిగా మార్చింది. 1915లో చక్రవర్తి ప్రభుత్వం కె.సి.ఐ.ఇ. ప్రదానం చేసింది. విశ్వేశ్వరయ్యగారు సర్ విశ్వేశ్వరయ్య అయినారు.

నాలుగేండ్లు తిరగకముందే ఆయన దివాన్ పదవికి రాజీనామా ఇచ్చినారు. ఈ ఘట్టాన్ని చాలా జీవితచరిత్రలు చప్పున దాటవేస్తాయి. దాటవేయరాదు. సంస్థానపు ఉద్యోగాలు ఎక్కువగా బ్రాహ్మణుల చేతిలో ఉన్నవనీ, ఇతర వర్గాలకు తగిన భాగం కల్పించవలెననీ ప్రజలనుండి విన్నపాలు వచ్చినవి. మహారాజావారు 1918లో ప్రధాన న్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినారు. విశ్వేశ్వరయ్యగారు దీనిని అంగీకరించలేదు. ఉద్యోగానికి యోగ్యతే ప్రమాణం కావలెననీ, వెనుకబడినవారికి విద్య విరివిగా ఇచ్చి పైకి తేవలెనే గాని ప్రమాణం సడలించరాదనీ వారి వాదం. అభిప్రాయభేదం తీరనందున పదవి విడిచినారు. ఈనాడు వెనుదిరిగి చూస్తే, ఈ విషయంలో మహారాజావారి చూపే దూరం సాగిందని చెప్పవలసి వస్తుంది. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కుటుంబాల పిల్లలను, ఇంటిలో పండితుల నడుమ పెరిగిన పిల్లలను ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తుమనడం సమానత్వం అనిపించుకోదు. మిల్లరు సంఘపు సిఫారసులు 1921లో ఆచరణలోకి వచ్చినవి. దేశంలో రిజర్వేషన్ల చరిత్రలో అది తొలి అడుగులలో ఒకటి. విశ్వేశ్వరయ్యగారి అభిప్రాయాన్ని అంగీకరించనివారు సైతం ఒకటి ఒప్పుకొంటారు. తనకు సరికాదని తోచిన పనిని పదవి కోసం చేయడానికి ఆయన సిద్ధపడలేదు. నమ్మకం ఒకవైపు, దివాన్ పీఠం ఒకవైపు నిలిచినప్పుడు పీఠాన్నే వదిలినారు.

పిమ్మటి కాలం బిరుదులకు పరీక్షాకాలం. జలియన్‌వాలాబాగ్ దురంతం జరిగిన 1919లో రవీంద్రనాథ ఠాకూరు సర్ బిరుదాన్ని విసర్జించినారు. 1920లో గాంధీజీ కైసర్-ఇ-హింద్ పతకాన్ని తిరిగి పంపివేసినారు. దేశమంతటా బిరుదుల బహిష్కారం జరిగింది. విశ్వేశ్వరయ్యగారు ఆ త్రోవ పట్టలేదు, బిరుదు వదులుకోలేదు. ఇందుకు ఆయనను నిందించినవారున్నారు. కాని బిరుదు పొందినవాడు ప్రభుత్వం చేతి చిలుక అన్న మాట ఆయనకు వర్తించదు. 1922 జనవరిలో బొంబాయిలో జరిగిన అఖిలపక్ష సమావేశంలో అధ్యక్షులు సర్ శంకరన్ నాయరుగారు మధ్యలో నిష్క్రమించగా, ఆ స్థానంలో కూర్చొని ప్రభుత్వానికీ కాంగ్రెసుకూ నడుమ రాజీకి ప్రయత్నించినది ఆయనే. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం కావాలంటూ గ్రంథం వ్రాసినారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పంచవర్ష ప్రణాళికలు మొదలైనది 1951లో. పదిహేడేండ్లు ముందుగా చెప్పిన మాట అది. 1923 నుండి భద్రావతి కర్మాగారపు బాధ్యతలు వహించి నష్టాలలో ఉన్న సంస్థను నిలబెట్టినారు. అందుకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థ కోసం ఇచ్చివేసినారు. బెంగుళూరులో 1943లో ఏర్పడిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాసంస్థ దాని ఫలం.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందలి 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. సైనిక, విద్యాసంబంధమైన విశిష్టతలు తప్ప రాజ్యం ఎవరికీ బిరుదు ఇవ్వరాదు. పౌరులెవరూ విదేశీ రాజ్యం నుండి బిరుదు పుచ్చుకోరాదు. సమానత్వపు హక్కుల వరుసలోనే, అస్పృశ్యతను నిషేధించిన 17వ అధికరణం వెనువెంటనే దీనిని చేర్చడం రాజ్యాంగ కర్తల ఉద్దేశాన్ని తెలుపుతుంది. పుట్టుకతో వచ్చే హెచ్చుతగ్గులు పోవాలి. ప్రభువు దయతో వచ్చే హెచ్చుతగ్గులు కూడ పోవాలి.

అయితే మేలు చేసినవారిని దేశం గుర్తించకుండ ఉండడమెట్లు? ముందుగా సైనికులకు మార్గం దొరికింది. అదే గణతంత్ర దినాన పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్రములను నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుండి వర్తింపజేసినారు. కాశ్మీరు రణరంగంలో 1947 నవంబరులో ప్రాణాలర్పించిన మేజర్ సోమనాథ శర్మగారికి తొలి పరమవీర చక్ర మరణానంతరం దక్కింది. ఆ పతకం కంచుది. దధీచి మహర్షి ఎముకలతో చేసిన ఇంద్రుని వజ్రాయుధమును దానిపై నాలుగుసార్లు చెక్కినారు. దానికి రూపకల్పన చేసిన సావిత్రీ ఖానోల్కరు గారు ఐరోపాలో పుట్టి, భారతీయ సైనికాధికారిని పెండ్లాడి, మన పురాణాలు చదువుకొన్న విదుషి. శత్రువు ఎదుట కాక ఇతర సందర్భాలలో చూపిన సాహసానికి 1952లో అశోక చక్ర మూడు తరగతులుగా వచ్చింది. 1967 నుండి ఆ తరగతులను అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అని పిలుస్తున్నారు.

పౌరులకు మాత్రం నాలుగేండ్లు ఆలోచించి, 1954 జనవరి 2న భారతరత్న, పద్మవిభూషణ్ పురస్కారాలను ప్రకటించినారు. రెండవది మొదట మూడు వర్గాలుగా ఉండి, 1955 జనవరిలో పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని మూడు పేర్లు పొందింది. మొదటి ఏడు భారతరత్న పొందినవారు రాజగోపాలాచారిగారు, రాధాకృష్ణన్ గారు, సి.వి. రామన్ గారు. ముగ్గురూ దక్షిణాదివారే. 1955లో భగవాన్ దాస్ గారితోను, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారితోను పాటు విశ్వేశ్వరయ్యగారిని వరించింది. అప్పటికి వారి వయస్సు తొంబది దాటింది.

తొంబదేండ్ల వృద్ధుడు కృతజ్ఞతతో చేతులు జోడించి ఉంటాడని మనం అనుకొంటాము. విశ్వేశ్వరయ్యగారు నెహ్రూగారికి ఒక లేఖ వ్రాసినారని చెబుతారు. ఈ గౌరవం ఇచ్చినందువల్ల తాను ప్రభుత్వాన్ని పొగడుతూ ఉంటానని తలపెడితే నిరాశ తప్పదనీ, తాను వాస్తవాలను పరిశీలించి చెప్పేవాడననీ అందులోని సారం. నెహ్రూగారి ప్రత్యుత్తరం కూడ అంత నిష్కపటంగానే ఉన్నదట. పురస్కారం ఇదివరకు చేసిన పనికేననీ, నోరు మూయించడానికి కాదనీ వారు స్పష్టం చేసినారట. పూర్వపు బిరుదుకు, ఈ పురస్కారానికి గల భేదమంతా ఆ రెండు లేఖలలో ఉంది. వెనుకటి దారం ఇందులో లేదు. లేదని ముందుగా తేల్చుకొన్న తరువాతనే ఆ వృద్ధుడు ఢిల్లీకి బయలుదేరినారు.

రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు పతకాన్ని అలంకరించినారు. రాష్ట్రపతి భవనంలో అతిథులు మూడు రోజులకు మించి ఉండరాదన్న నియమం తెలిసికొని, రాష్ట్రపతి స్వయంగా మరికొన్నాళ్ళు ఉండుమని కోరినా, గడువు కాగానే విశ్వేశ్వరయ్యగారు మూటముల్లె సర్దుకొన్నారని మరొక కథ ఉంది. నియమం అందరికీ ఒకటే అన్నది ఆయన స్వభావం.

ఆ పతకం రావి ఆకు ఆకారంలో ఉంటుంది. మొదట గుండ్రని బంగారు పతకంగా నిర్ణయించి, మరుసటి ఏడు కంచుతో చేసిన రావి ఆకుగా మార్చినారు. ఆకు నడుమ సూర్యబింబం, దాని క్రింద దేవనాగరి లిపిలో పురస్కార నామం, వెనుకవైపు నాలుగు సింహాల రాజముద్ర ఉంటాయి. ధరించడానికి తెల్లని పట్టీ ఉంటుంది. దానితోపాటు ధనం ఇవ్వరు. ఆ సూర్యబింబం ప్లాటినంతో చేసినదన్న సంగతి, ప్లాటినం ఉత్సవం జరుపుకొంటున్న పాఠశాల విద్యార్థులకు ఆసక్తి కలిగించవచ్చును.

ఈ పురస్కారాల బాట కూడ ఒడుదుడుకులు లేనిది కాదు. ఇవి మారువేషంలోని బిరుదులేనన్న విమర్శ మొదటినుండి ఉంది. 1977 జూలైలో అప్పటి ప్రభుత్వం వీటిని నిలిపివేసింది. 1980 జనవరిలో పునరుద్ధరించారు. 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఇవి 18వ అధికరణం నిషేధించిన బిరుదులు కావనీ, అయితే పొందినవారు వీటిని పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించుకోరాదనీ తేల్చింది. పటం క్రింద మనం వ్రాసే రెండు మాటలూ చెల్లవని మొదట చెప్పినది ఇందువల్లనే. తెలుగువారిలో ఆ తరువాత వి.వి. గిరిగారు 1975లోను, పి.వి. నరసింహారావుగారు మరణానంతరం 2024లోను భారతరత్నకు పాత్రులైనారు.

విశ్వేశ్వరయ్యగారికి మాత్రం పతకం విశ్రాంతికి చిహ్నం కాలేదు. ఢిల్లీ ప్రయాణానికి కొద్ది ఏండ్లు ముందే, తొంబదేండ్లు పైబడిన వయస్సులో, గంగానదిపై వంతెన ఎక్కడ కట్టవలెనో నిర్ణయించడానికి బీహారుకు వెళ్ళి, తీరం వెంబడి స్థలాలను పరిశీలించి మొకామా వద్ద కట్టుమని సలహా ఇచ్చినారు. ఆ వంతెన 1959లో ప్రారంభమైనది. దానికి పెట్టిన పేరు రాజేంద్ర సేతు, తనకు పతకం అలంకరించిన రాష్ట్రపతి పేరు. 1960 సెప్టెంబరు 15న తపాలా శాఖ ఆయన శతజయంతి బిళ్లను విడుదల చేసినప్పుడు, దానిమీది మనిషి ఇంకా జీవించే ఉన్నారు, తలపాగా చుట్టుకొని, కోటు బొత్తాలు పెట్టుకొని, వేళకు బల్ల ముందు కూర్చొంటూనే ఉన్నారు. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూసినారు. ముద్దేనహళ్ళిలో, తాను పుట్టిన ఊరిలోనే ఆయన సమాధి ఉంది.